ఏడో ఛానెల్

నా భర్త కుడిచెయ్యి రెండేళ్ళ మూడు నెలలు సముద్రం అడుగున ఉంది. చూసేవాళ్ళకి మాత్రం అది ఆయన భుజానికే ఉంది. బందరు డాక్టర్లు, ఆ తర్వాత విజయవాడ డాక్టర్లు సూదితో గుచ్చి చూశారు. రక్తం వచ్చింది గాని ఈయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు. వేళ్ళు కదపమంటే కదిపారు. నరాలకి ఏ లోటూ లేదని కాయితం రాసిచ్చారు. ఈయన మాత్రం ఎవరడిగినా ఒకటే చెప్పేవారు. చెయ్యి బురదలో ఉందనీ, చలేస్తోందనీ, అప్పుడప్పుడు దాని మీద ఏదో పాకుతోందనీ.

రోజూ పొద్దున్నే తవుడు మూట కట్టి, పెనం మీద వేడిచేసి, ఆ చేతికి కాపడం పెట్టేదాన్ని. ఆ వేడి ఆయనకి తెలిసేది కాదు. తెలియదని నాకూ తెలుసు. అయినా పెట్టేదాన్ని, ఆయనా వద్దనేవారు కాదు. మూట చల్లారేదాకా లోపల ఒక పేరు తలుచుకునేదాన్ని. దేవుడి పేరు కాదు, మా డైరెక్టరు డాక్టర్ శతానందం గారి పేరు. ఆ మనిషి చెయ్యి కూడా ఆ బురదలోనే ఉండాలని, ఎవరికి చెప్పినా నమ్మకూడదని కోరుకునేదాన్ని.

తలస్నానం చేసి, దీపం పెట్టిన చేతులతోనే ఆ కోరిక కోరేదాన్ని. అది తప్పని తెలియక కాదు. కానీ మనసులో ఉన్నది దేవుడి దగ్గర దాచి, పైకి ఇంకేదో అడగడం మాత్రం తప్పు కాదా? అందుకని కాళికాంబ పటం ముందు కూచుని సూటిగానే అడిగేదాన్ని. తల్లీ, ఒక్కసారి ఆ మనిషిని నా చేతికి చిక్కనియ్యి అని.

మాది చిలకలపూడి. ఈయన పేరు బ్రహ్మలింగాచారి, రోల్డ్‌గోల్డ్ నగల పనివారు. వెంట్రుకంత తీగముక్కలు రెండు కలిపి టంకం పెడితే, అతుకు ఎక్కడుందో మళ్ళీ ఈయనే వెతుక్కోవాలి. నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ల డిప్లొమా చదివి, తీరాన ఉన్న సముద్ర పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి చేరాను. అక్కడ శతానందం గారు కనిపెట్టినది, స్పర్శని మోసే తీగ. ఒడ్డున ఒక గదిలో మనిషి చేతికి తొడుగు వేసుకుని, మెడకి పట్టీ కట్టుకుని కూచుంటాడు. సముద్రం అడుగున తాబేలు ఆకారంలో ఒక యంత్రం ఉంటుంది. దానికి కూర్మం అని పేరు పెట్టారు. ఇక్కడ మనిషి వేలు కదిపితే అక్కడ కూర్మం వేలు కదులుతుంది. అక్కడ దానికి తగిలింది ఇక్కడ మనిషికి తెలుస్తుంది. తెగిపోయిన కేబుళ్ళలో గాజు పోగులు అతకడానికి దాన్ని చేశారు. దానికి సన్నపని తెలిసిన చేతులు కావాలని వెతుకుతుంటే, మా ఇంట్లో ఉన్నాయని చెప్పింది నేనే.

మొదటిరోజు ఈయన తొడుగులో చెయ్యి పెట్టి వేళ్ళు అటూ ఇటూ ఆడించారు. తర్వాత నవ్వుతూ, ఇక్కడ ఇసుక జల్లించిన మైదాపిండిలా ఉందే అన్నారు. పక్కన నిలబడ్డ శతానందం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కూడా చెప్పాలి. ఆ మనిషి చెడ్డవాడని మొదటినుంచీ నేననుకోలేదు.

కూర్మాన్ని నీళ్ళలోకి దింపేముందు కేంద్రంలో సత్యనారాయణ వ్రతం చేశారు. పీటల మీద కూచున్నది శతానందం గారే. కథ అయింది, హారతి అయింది, ప్రసాదం పంచుతుండగా ఎవరో పెద్దమనిషి గేటు దగ్గరికి వచ్చారని కబురొస్తే లేచి వెళ్ళిపోయారు. ఇంకా ఉద్వాసన కాలేదండీ అని పురోహితులు సుదర్శనాచార్యులు గారు వెనకనుంచి పిలిస్తే, మీరు కానిచ్చెయ్యండి అన్నారు. ఆచార్యులు గారు నొచ్చుకున్నారు. రమ్మని పిలిచినవాళ్ళే, ఇక తమ చోటికి వెళ్ళిరమ్మని పంపాలి, అంతదాకా పీట ఎత్తకూడదు అని నాతో అన్నారు. చివరికి నేనే నమస్కారం చేసి కలశాన్ని ఉత్తరానికి కాస్త జరిపాను.

నా పని కూడా అలాంటిదే. మా వైపు కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాముని క్లయింట్ అంటారు. అది రాసేదీ, దాని ముందు కూచునేదీ నేను. ఒకే తీగలో పదహారు ఛానెళ్ళు పోతాయి, ఒక్కో చేతికి ఒక్కో ఛానెల్. పని అయ్యాక ఊరికే ఆపెయ్యకూడదు. ఇటునుంచి "ముగిస్తున్నాను" అని పంపాలి. కూర్మం తన దగ్గర ఇంకా పంపకుండా మిగిలిన స్పర్శలన్నీ వరసగా పంపేసి, చివర "ముగిసింది" అంటుంది. అది అందాకే పట్టీ తియ్యాలి. అంతదాకా మనిషి మెదడు, చెయ్యి అక్కడే ఉందని నమ్ముతూ ఎదురుచూస్తుంది. ఆ చివరి స్పర్శల మీద అడుగులు వేసుకుంటూనే చెయ్యి ఇంటికి వస్తుంది. ఇదంతా కొత్తగా చేరినవాళ్ళకి నేనే నేర్పేదాన్ని.

దీనికి నలభై సెకన్లు పడుతుంది. శతానందం గారికి ఆ నలభై సెకన్లంటే విసుగు. ఒకవేళ జవాబు రాకపోతే ఏం చెయ్యాలి సార్ అని ఒకరోజు అడిగాను. రాకపోతే వచ్చినట్టే అనుకోమ్మా, దానికో మీట పెట్టు అన్నారు. పెట్టాను. తెర మీద మూలన చిన్న మీట, దాని మీద "వెంటనే" అని పేరు. రెండు లైన్ల ప్రోగ్రాము. భోజనానికి లేవకముందే అయిపోయింది.

ఆ రోజు నవంబరు పన్నెండు. వాయుగుండం అనుకున్నదానికంటే ముందే తిరిగింది. మధ్యాహ్నం రెండింటికి ఆకాశం సాయంత్రంలా ఉంది. తీగని పైన పట్టుకుని నిలబడేది ఒక ఓడ. దాని సరంగు బాషా రేడియోలో, పది నిమిషాల్లో తీగ వదిలేసి వెళ్ళిపోకపోతే ఓడ దక్కదని అరుస్తున్నాడు. పక్కగదిలో ఈయన సగం అతుకు మీద ఉన్నారు. నేను రెండు చేతులకీ "ముగిస్తున్నాను" పంపాను. ఎడమచేతిది ఆరో ఛానెల్, వెంటనే "ముగిసింది" అని వచ్చింది. కుడిచేతిది ఏడు. పది సెకన్లయింది, పదిహేనయింది. అలలకి తీగ ఊగుతోంది, స్పర్శలు ఆగి ఆగి వస్తున్నాయి. శతానందం గారు వెనకనుంచి వచ్చి, ఇంకా ఏమిటమ్మా, తీసెయ్ అన్నారు.

"సార్, జవాబు రాలేదు. ఇంకో అరనిమిషం."

ఆయన నా భుజం మీదుగా చెయ్యి చాపి ఆ మీట నొక్కేశారు.

కాసేపటికి ఈయన పట్టీ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ, బస్సులో గొడుగు మరిచిపోయిన మనిషిలా అన్నారు.

"జ్ఞానం, నా చెయ్యి అక్కడే ఉండిపోయినట్టుందే."

విచారణకి ముగ్గురు పెద్దలు వచ్చారు. తుపాను కబురు విని ఆచారి బెదిరి, ముగింపు రాకముందే తనే పట్టీ లాగేసుకున్నాడని శతానందం గారు చెప్పారు. ఈయన కాదన్నారు. ఇద్దరి మాటల్లో ఎవరిది నిలుస్తుందో వేరే చెప్పాలా? చివరికి నన్ను పిలిచి, జవాబు రాకుండా క్లయింట్ తనంతట ముగించే వీలుందా అని అడిగారు. ఉందంటే మీట సంగతి చెప్పాలి. మీట చెబితే అది పెట్టిందెవరని అడుగుతారు. అప్పటికే వారం కిందట ఆ మీట తీసెయ్యమని నాకు ఆజ్ఞ అయింది, తీసేశాను కూడా.

క్లయింట్ పద్ధతి ప్రకారమే పనిచేసిందండీ అన్నాను.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. గుళ్ళో చెప్పలేదు. శతానందం గారి మీద నాకున్న కోపంలో కొంత వాటా ఇంకొకరిది. ఆ వాటా కూడా ఆయన ఖాతాలోనే వేసి పెంచాను.

ఉద్యోగం మానలేదు. మొగుణ్ణి ముంచినవాళ్ళకే ఊడిగం చేస్తోందని మా వీధిలో అన్నారు. ఎదురింటి పున్నమ్మత్తయ్య నాకు వినపడేలాగే అంది. అననీ అనుకున్నాను. ఏదో ఒక రోజు ఆ మనిషి తన చెయ్యి ఆ తొడుగులో పెడతాడు. ఆ రోజు క్లయింట్ ముందు నేనుండాలి. అంతకుమించి నాకు వేరే ఉద్యోగం లేదు.

ఈ ఫిబ్రవరిలో ఆ రోజు వచ్చింది. ఢిల్లీ నుంచి ఐదుగురు వస్తున్నారు. స్పర్శతీగ మనుషులకి క్షేమమేనని వాళ్ళకి చూపించాలి. పాత సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరూ తొడుగు వేసుకోవడానికి ముందుకు రాలేదు. శతానందం గారు తానే వేసుకుంటానన్నారు. నా బల్ల దగ్గరికి వచ్చి, వాళ్ళ పెరట్లో కాసిన జామకాయలు నాలుగు పెట్టారు.

"పాతవి మనసులో పెట్టుకోకమ్మా జ్ఞానాంబా. ఆ రోజు ఎవరి తప్పూ కాదు."

అలాగే సార్ అన్నాను. ఆ మాట ఆయన మనసారా అన్నారు. రెండేళ్ళు చెప్పీ చెప్పీ తన అబద్ధాన్ని తనే నమ్మేశారని అప్పుడు తెలిసింది. అది నాకు మరీ మండింది. జామకాయలు దారిలో ఆవుకి పెట్టాను.

ముందురోజు ఓడ వెళ్ళి తీగని మళ్ళీ కూర్మానికి తగిలించింది. తీగ సరిగ్గా ఉందో లేదో చూడడానికి క్లయింట్ తెరిచాను. పదహారు ఛానెళ్ళ పట్టిక వచ్చింది. పదిహేనింటి ఎదురుగా ముగిసింది అని ఉంది. ఏడో దాని ఎదురుగా తెరిచి ఉంది అని ఉంది. దాని కింద ఒకే మాట సెకనుకొకసారి వస్తోంది. ఉన్నావా? ఉన్నావా? ఉన్నావా?

రెండేళ్ళ మూడు నెలలుగా అది అడుగుతూనే ఉంది. మీట నొక్కింది మనం గాని, ముగిసిందని దానికెవరూ చెప్పలేదు. ఇక్కడ ఈయన, అక్కడ అది. ఇద్దరూ ఒకరి జవాబు కోసం ఒకరు కూచుని ఉన్నారు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చాను.

తర్వాత ఆలోచించాను. ఈయన పట్టీ కట్టుకుని కూచుంటే, ఏడో ఛానెల్‌ని పద్ధతిగా ముగించవచ్చు. చెయ్యి తిరిగొస్తుంది. కానీ రేపు ఒక్కరోజే. కూర్మం బ్యాటరీ అయిపోవచ్చింది, నాలుగింటికి తీగ విప్పి దాన్ని అక్కడే వదిలేస్తామని బాషా చెప్పాడు. ఆ లోపు జరిగే ప్రదర్శనలోనే శతానందం గారి చెయ్యి ఒకటో ఛానెల్లో ఉంటుంది. తీగ ఒక్కటే. తెంపితే ఇద్దరి చేతులూ అక్కడే. పద్ధతిగా విప్పితే ఇద్దరివీ ఇక్కడికే.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాను. ఈయన ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినేవారు. కుడిచెయ్యి అన్నంలో పెడితే బురద కలిపినట్టుండేదట. పెళ్ళిళ్ళకి వెళ్ళినా బంతిలో కూచునేవారు కాదు. కూర వేస్తూ అంతా చెప్పాను. ఈయన చెంచా కింద పెట్టారు.

"వాడు కూడా చెయ్యి పెడతాడా?"

"పెడతారు."

"ఢిల్లీ వాళ్ళ ముందా?"

"వాళ్ళ ముందే."

"అయితే తెంపెయ్."

అర్థం కాలేదేమోనని మళ్ళీ మొదటినుంచి చెప్పాను. తెంపితే మీ చెయ్యి కూడా ఇంకెప్పటికీ రాదు అన్నాను.

"ఒకసారి చెబితే చాల్లేవే. రెండేళ్ళు అక్కడ ఒక్కణ్ణే ఉన్నాను. వాడి చెయ్యి కూడా పక్కన ఉందంటే, ఇంకో ఇరవై ఏళ్ళు ఆ చలి భరిస్తాను. ఏం, మాకూ తోడుండద్దా?"

మజ్జిగ వెయ్యమన్నంత నెమ్మదిగా అన్నారు. పైగా నవ్వారు కూడా. ఈ ఇంట్లో పగ అంతా నా ఒక్కదాని దగ్గరే ఉందనుకున్నాను. ఆ మూట చల్లారేదాకా ఆయన కూడా అదే పేరు తలుచుకుంటున్నారని రెండేళ్ళు పక్కనే కూచుని కనిపెట్టలేకపోయాను.

మళ్ళీ కేంద్రానికి వెళ్ళేముందు కాళికాంబ పటం ముందు నిలబడ్డాను. అడిగింది ఆవిడ ఇచ్చింది. దాని పక్కనే నేను అడగనిది, అసలు అడగాల్సింది, అదీ పెట్టి ఇచ్చింది. ఏది కావాలో నువ్వే చెప్పు తల్లీ అంటే పటం ఏం చెబుతుంది? పువ్వు పెట్టాను. అదీ రాలలేదు.

సాయంత్రం దాకా క్లయింట్ ముందు కూచుని ఆలోచిస్తే నాకొక సంగతి తోచింది. తెంపితే శతానందం గారికి ఏం తెలుస్తుంది? చెయ్యి పోతుంది, ప్రమాదం అంటారు. అది కూడా ఎవరి తప్పూ కాదంటారు. నాకు కావలసింది ఆ చెయ్యి పోవడం కాదు. అక్కడ ఏం ఉందో ఆ మనిషికి తెలియడం.

ఏడో ఛానెల్ కింద కూర్మం పంపకుండా దాచిన స్పర్శలున్నాయి. తుపాను రోజు నుంచి ఇవాళ్టిదాకా మార్పు వచ్చినప్పుడల్లా రాసిపెట్టుకున్నవి. ముగించేటప్పుడు అవన్నీ వరసగా వచ్చి ఈయనకి అందాలి. నాలుగు నిమిషాలు పడుతుంది. వాటిని ఎవరికి అందించాలన్నది నా ప్రోగ్రాములో ఒక్క అంకె. ఏడు ఉన్నచోట ఒకటి అని రాస్తే, అవి శతానందం గారికి వెళతాయి. ఆ తర్వాత రెండు ఛానెళ్ళకీ ముగిసింది అని వస్తుంది. ఎవరి చెయ్యీ అక్కడ ఉండదు.

కానీ ఈయన చెయ్యి నడిచిరావలసిన దారి ఇంకొకరికి ఇచ్చినట్టవుతుంది. దారి లేకుండా వచ్చిన చెయ్యి ఎలా వస్తుంది? ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నాకు తెలియదు అని చెప్పుకుంటే సగం అబద్ధం. ఆ స్పర్శలే దారి అని ఎన్నోసార్లు నా నోటితో నేనే నేర్పాను. చేతిని అక్కడే వదిలెయ్యమన్న మనిషికి ఇది చాలా ఎక్కువే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఏడుని ఒకటి చేశాను.

మర్నాడు మూడింటికి ప్రదర్శన. తను పనిచేసినచోటు మళ్ళీ ఒకసారి చూడ్డానికి వచ్చానని చెప్పి ఈయన పాత గదిలో కూచున్నారు. పట్టీ నేనే కట్టాను. మెడ వెనక కొక్కెం పెడుతుంటే, తెంపుతున్నావు కదూ అన్నారు. కూచోండి, నేను చెప్పేదాకా తియ్యకండి అన్నాను. ఆ మాట ఆయన ఎలా అర్థం చేసుకున్నారో నేనడగలేదు.

పెద్ద గదిలో ఢిల్లీ వాళ్ళు ఐదుగురూ కుర్చీల్లో కూచున్నారు. శతానందం గారు తొడుగు వేసుకుని చక్కగా మాట్లాడారు. ఒక గులకరాయి ఏరి, ఇది మా మనవడికి తీసుకెళతానంటే వాళ్ళు నవ్వారు. ఇక ముగింపు చూడండి, ఇదే అసలు సంగతి, ఎంత శుభ్రంగా ముగుస్తుందో అని నా వైపు తిరిగారు.

"జ్ఞానాంబా, ముగించమ్మా."

ఒకటికీ ఏడుకీ "ముగిస్తున్నాను" పంపాను.

ఆయన ఏదో చెబుతూ మధ్యలో ఆగారు. వెళుతున్న స్పర్శల వరస నా తెర మీద కనిపిస్తోంది, మొదట వచ్చేవి తుపాను నాటివి. సగం అతికిన పోగు వేళ్ళలోంచి జారిపోవడం, ప్రవాహానికి చెయ్యి మెలితిరగడం, రాయికి కొట్టుకోవడం, పడడం. ఆయన మోచెయ్యి కుర్చీ మీదినుంచి జారింది. ఒకాయన మంచినీళ్ళు కావాలా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. తర్వాత ఒండుమట్టి. మొదట వేళ్ళ సందుల్లో, తర్వాత గోళ్ళ మీద, తర్వాత మణికట్టు దాకా, వారానికో పొర చొప్పున. చివరి పదమూడు నెలలూ మరేమీ లేదు, బరువూ చలీ, అంతే. పాకేవి ఏవీ లేవు. అవి ఒంటరితనానికి ఈయన మనసు కల్పించుకున్నవి కాబోలు.

శతానందం గారి ఎడమచెయ్యి మెడ మీది పట్టీ దగ్గరికి వెళ్ళింది. అప్పుడన్నాను.

"సార్, జవాబు రాలేదు. ఇంకో అరనిమిషం."

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు కోసమే నేను రెండేళ్ళ మూడు నెలలు బతికాను. ఆయనకి అర్థమైంది. ఎవరి చలి అదో, ఎక్కడిదో, ఎన్నాళ్ళదో, అంతా అర్థమైంది. ఎడమచేతిని మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకున్నారు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. పట్టీ తియ్యలేదు. నేను ఒక్క క్షణం కూడా తల తిప్పకుండా చూశాను. నా ఒంట్లోకి వెచ్చగా ఏదో వచ్చింది. అది సంతోషమే. దానికి వేరే పేరు పెట్టను.

తెర మీద ఒకటో దాని ఎదుట ముగిసింది అని వచ్చింది. దాని వెంటనే ఏడో దాని ఎదుట. ఆ "ఉన్నావా" ఆగిపోయింది.

శతానందం గారు తొడుగు తీసి చెయ్యి చూసుకున్నారు. వేళ్ళు ముడిచి విప్పారు. ఆయన చెయ్యి ఆయన దగ్గరికి వచ్చేసింది. తర్వాత ఢిల్లీ వాళ్ళతో అన్నారు.

"ఆ రోజు పట్టీ తీసింది ఆచారి కాదు. జవాబు రాకముందే నేనే మీట నొక్కాను."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన, ఏ మీట అని అడిగారు. శతానందం గారు మళ్ళీ నా వైపు చూశారు. ఇక నా పేరు వస్తుందనుకున్నాను.

"నేను పెట్టించిన మీట," అన్నారాయన.

అంతే చెప్పారు. ఎవరు పెట్టారో చెప్పలేదు. నాలుగు నిమిషాలు ఆయన్ని చూసి కలిగిన సంతోషం ఆ ఒక్క మాటతో ఎటు పోయిందో తెలియలేదు. ఆయన నన్ను కాపాడకుండా ఉంటే బాగుండేదనిపించింది. పగ తీర్చుకున్న మనిషికి, పగవాడి మంచితనం ఎక్కడ పెట్టుకోవాలో ఎవరు చెబుతారు?

పక్కగదిలోకి వెళ్ళాను. ఈయన పట్టీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. మొహం తేటపడి ఉంది.

"చలి పోయింది జ్ఞానం. బురద లేదు."

నేను ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నా చెంపకి ఆనించుకున్నాను. అది వెచ్చగా ఉంది. ఈయన నా మొహంలోకి చూడలేదు. నేను పట్టుకున్న చోటినే చూస్తున్నారు. ఎవరిదో చెయ్యి ఎవరో పట్టుకున్నట్టు చూస్తున్నారు. అప్పుడే నాకు అర్థమైంది. చెయ్యి వచ్చింది. స్పర్శ రాలేదు.

కాసేపటికి అడిగారు.

"వాడు ఏడ్చాడా?"

"ఏడ్చారు."

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు."

ఎడమచేతి వేళ్ళ మీద లెక్కవేసుకున్నారు. సరేలే అన్నారు.

ఇంటికి వచ్చాక అంతా చెప్పాను. ఆ అంకె సంగతీ చెప్పాను, మీట సంగతీ చెప్పాను, విచారణలో నేనన్న మాటా చెప్పాను. అంకె సంగతి వినగానే తల ఊపారు. తెంపమన్నవాణ్ణి నేనే కదా అన్నారు. మీట సంగతికి మాత్రం లేచి అవతలికి వెళ్ళిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున కాపడం అలవాటుగా తవుడు తీసి, ఇక అక్కరలేదని గుర్తొచ్చి డబ్బా మూత పెడుతుంటే, కాఫీలో పంచదార తక్కువైందని వంటింటి గుమ్మంలోకి వచ్చి చెప్పారు.

శతానందం గారు రాజీనామా చేసి వెళ్ళిపోయారు. నేనూ మానేశాను. అప్పుడప్పుడు ఆ మనిషి గురించి తలుచుకుందామన్నా తీరిక దొరకడం లేదు.

ఎందుకంటే ఈయన మళ్ళీ కుంపటి ముందు కూచుంటున్నారు. చెయ్యి చెప్పినట్టే వింటుంది, కానీ ఏం చేస్తోందో తిరిగి చెప్పదు. శ్రావణంతో, అదే ఆ సన్న పటకారుతో, తీగ పట్టుకుంటే ఆ తీగనే చూస్తూ ఉండాలి. చూపు టంకం మీదికి మళ్ళిందా, తీగ జారిపోతుంది. మొదటి వారం వేలు కాలుతుంటే వాసన నాకే ముందు తెలిసింది. అందుకని పొద్దున్న పూజ కాగానే నేను పక్కన పీట వేసుకుని కూచుంటాను. ఆయన టంకం చూసుకుంటారు, నేను తీగ చూస్తాను.

"పట్టుకున్నానా?" అంటారు తల ఎత్తకుండా.

"పట్టుకున్నారు," అంటాను.

ఒక్కో గొలుసుకి రెండొందల అతుకులు. ప్రతి అతుక్కీ అడుగుతారు. ఎప్పుడైనా నా ధ్యాస మళ్ళి జవాబు ఆలస్యమైతే, ఆ చెయ్యి కుంపటి సెగ మీద అలాగే ఆగిపోతుంది, నేను చెప్పేదాకా.